ఇరుసులో ఏ పళ్ళు వేయించాలి

మా పెద్ద బండి వెనక ఇరుసులో ఏ పళ్ళు వేయించాలన్న విషయం మీద నేనూ మా ఆయనా ఆ వర్షాకాలమంతా పోట్లాడుకున్నాం. నగల గురించి పోట్లాడుకునే మొగుడూ పెళ్ళాలున్నారు, అత్తగారి మాటల గురించి నెలల తరబడి మూతులు ముడుచుకునేవాళ్ళున్నారు. పళ్ళచక్రాల గురించి అన్నం మానేసిన జంట జంషెడ్‌పూర్ మొత్తం మీద మేమే అయ్యుంటాం.

బండి అంటే మామూలు బండి కాదు. ఎనభైల్లో మన దేశంలోనే తయారైన పొడవు ముక్కు కారు, పాత అమెరికా బళ్ళ పోలిక. ఇప్పటి కుర్రాళ్ళు దాన్ని దేశీ మజిల్ కార్ అంటూ వీడియోలు తీసి పెడుతున్నారు. కంపెనీ నుంచి రిటైరైన ఏడాదే, సీతారాండేరాలో ఒక కాంట్రాక్టరు ఇంటి వెనక ఇటుకల మీద నిలబెట్టి ఉన్న ఆ కారును చూసి మా ఆయన మనసు పారేసుకున్నారు. రిటైరైన వాళ్ళు కొందరు గుళ్ళు తిరుగుతారు, కొందరు షేర్లు కొంటారు. ఈయన తుప్పు పట్టిన కారును కొని మిస్త్రీ షెడ్డుకు లాగించారు, ఇక్కడ మెకానిక్కును మిస్త్రీ అంటాం. తలుపులు, సీట్లు, ఇంజన్ ఒకటొకటే బాగుపడ్డాయి. చివరికి వెనక ఇరుసు విప్పితే లోపల పళ్ళు విరిగి ఉన్నాయి.

అక్కడ మొదలైంది గొడవ. ఇంజన్ తిప్పే పొడవాటి షాఫ్టు వెనక్కి వచ్చి, తన చివరన ఉన్న చిన్న పళ్ళచక్రంతో ఒక పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. ఆ పెద్దది కారు చక్రాలను తిప్పుతుంది. కుట్టుమిషనులో కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం ఉంటాయి కదా, దాన్నే తిరగేసి అనుకోండి. ఈ రెండూ జతగానే పుడతాయి, జతగానే మార్చాలి. మిస్త్రీ ఎక్కడెక్కడో వెతికి రెండు జతలు తెచ్చాడు. మొదటి జత వేస్తే, చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు నాలుగున్నర చుట్లు తిరగాలి. బండి ఎద్దులా లాగుతుంది, కానీ వేగం పెరిగేకొద్దీ ఇంజన్ గోల పెడుతుంది. రెండో జతలో నాలుగుకు కాస్త తక్కువ. లాగడం కొంచెం నెమ్మది, పెద్ద రోడ్డు మీద మాత్రం ఇంజన్ నిద్రపోతున్నట్టు నడుస్తుంది.

"ఊర్లో తిరగడానికైతే అది, రాంచీ రోడ్డుకైతే ఇది. ఏది ఎయ్యమన్నా ఏసేత్తాను, మీరిద్దరూ ముందు ఒక మాట మీదకి రండి" అన్నాడు మిస్త్రీ. వాళ్ళ తాతది మా శ్రీకాకుళం వైపే. నన్ను అక్కా అంటాడు, ఈయన్ని బావా అంటాడు.

"నాలుగున్నరే ఎయ్యి" అన్నారు ఈయన, నా వైపైనా చూడకుండా.

నేను కాసిడీహ్‌లోని ఒక బడిలో లెక్కలు చెప్తాను. లెక్క ప్రకారం నాదే ఒప్పు. ఎందుకంటే ఆ బండి ముందుగా వెళ్ళాల్సింది రాంచీకే. మా ఒక్కగానొక్క కూతురు అక్కడ బ్యాంకులో పనిచేస్తుంది. తొలి కాన్పు. సీమంతం కాగానే పుట్టింటికి తీసుకురావాలి. దాన్ని తన బండిలో, తనే నడుపుకుంటూ తెచ్చుకోవాలని ఈయన పంతం. ఆ పంతం కోసమే ఇంత తుప్పు గోకించారు. నిండు నెలలు దగ్గర పడుతున్న పిల్లను అరిచే ఇంజన్ ముందు అంతసేపు కూర్చోబెడతారా అన్నది నా వాదన.

కూతురి వాదన వేరు. ఫోన్లో నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో చెప్తుంది. మా ఇళ్ళలో ఈ కాలం పిల్లలంతా అంతే. "మమ్మీ, పహలే పాపా కే కాన్ దిఖావో. నహీ తో మై ఉస్ గాడీ మే నహీ బైఠూంగీ" అంది. ముందు నాన్న చెవులు డాక్టరుకు చూపించు, లేకపోతే నేను ఆ బండెక్కను అని. పెళ్ళయి వెళ్ళిన పిల్ల, పండక్కి వచ్చి రెండ్రోజులుండి, నాన్నకు వినపడటం లేదని కనిపెట్టేసిందట. నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నేళ్ళుగా కాపురం చేత్తన్నాను, నాకు తెలీదేటి? మీ నాన్నకి సుబ్బరంగా ఇనపడతంది" అని కసిరాను.

నేను అబద్ధమాడలేదు. అలాగే అనుకున్నాను. ఎందుకు అనుకున్నానో చెప్పాలంటే మా ఇంటి భాష గురించి చెప్పాలి.

మా ఆయన కంపెనీ ఉక్కు మిల్లులో క్రేన్ సిగ్నల్ మనిషిగా చేశారు. పైన క్రేన్‌లో కూర్చున్నవాడికి కింద ఏముందో కనపడదు. కింద ఉక్కును సాగగొట్టే రోలింగ్ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. కింద నిలబడ్డ ఈయన చేతుల్తో చెప్తే పైనవాడు బరువును దించాలి, ఎత్తాలి, జరపాలి. చూపుడు వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తు. కిందికి తిప్పితే దించు. అరచేత్తో గాలిని మెల్లగా నొక్కితే నిదానం. పిడికిలి బిగించి పైకెత్తితే ఆపు. మిగతా సైగలు సిగ్నల్ మనిషి ఒక్కడే చెయ్యాలి, ఇంకెవరు చేసినా పైవాడు పట్టించుకోకూడదు. ఆపు అన్నది మాత్రం ఎవరు చేసినా ఆపాల్సిందే, ఊడ్చేవాడు చేసినా సరే. ఎందుకని అడగకూడదు. ఈ నియమాన్ని పెళ్ళయిన కొత్తలోనే నాకు ఎంతో గర్వంగా నేర్పించారు.

మిల్లు వాళ్ళ ఇళ్ళలో ఈ సైగలు వంటింట్లోకి వచ్చేస్తాయి. అన్నం వడ్డిస్తుంటే వేలు పైకి తిప్పుతారు, ఇంకాస్త అని. పిడికిలెత్తుతారు, ఇక చాలని. పిల్ల నిద్రపోతుంటే నేను గుమ్మంలోంచి అరచెయ్యి నొక్కుతాను, చప్పుడు చెయ్యకండని. బయటికి వెళ్దామంటే ఒక సైగ, చుట్టాలు ఎప్పుడు పోతారో అంటే ఒక సైగ, అది మేమిద్దరం కల్పించుకున్నది. మా వీధిలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. మాట్లాడుతూనే చేతులూ ఆడిస్తాం, మాకు ఆ సంగతే తెలీదు. బళ్ళో పిల్లలు నన్ను అనుకరించి నవ్వుకుంటారని కూడా ఆలస్యంగా తెలిసింది.

కాబట్టి ఆయన నేనన్న ప్రతిదానికీ జవాబు చెప్పేవారు. ఫోన్ అందిస్తే "నువ్వే మాటాడు" అనేవారు, పిల్లకి తల్లితోనే ఎక్కువ పని ఉంటుందని. టీవీలో క్రికెట్‌ను శబ్దం తీసేసి చూసేవారు, వాళ్ళ అరుపులు తనకు పడవని. అన్నిటికీ ఒక కారణం ఉండేది, అన్నీ నమ్మదగ్గవే.

నాలుగున్నర పంతానికి మాత్రం నమ్మదగ్గ కారణం చెప్పలేదు. ఎంత అడిగినా ఒకటే మాట. "అదైతే బండి సేతిలో ఉంటాదే."

"ఏటి సేతిలో ఉండడం? సాక్చి బజారు సందులో ఆటోవోళ్ళతో పందెం ఎడతారా? మన ఊరి మెరైన్ డ్రైవ్ మీద కుర్రాళ్ళు రీల్స్ తీత్తన్నారు, మీరూ ఒకటి తీయించుకోండి, జుట్టుకి రంగేసుకుని" అన్నాను.

సాధారణంగా ఇలాంటి వాటికి నవ్వేస్తారు. ఆ రోజు కంచం పక్కకు తోసేశారు. నాకు జాలి కలగాల్సింది పోయి పౌరుషం వచ్చింది. నేనూ తినలేదు. వారం రోజులు ఇద్దరం గోడలతో మాట్లాడుకున్నాం. ఆఖరికి నేను పిల్లను అడ్డం పెట్టాను. "మీ సరదా కోసం కడుపుతో ఉన్నదాన్ని కుదిపెయ్యండి, నాకేటి" అన్నాను. ఆయన చాలాసేపు నా మొహం వైపు చూసి, "నీ ఇష్టమొచ్చిందే ఎయ్యమని సెప్పు" అని లేచి వెళ్ళిపోయారు. నేను గెలిచానని, రెండో జతే వెయ్యమని మిస్త్రీకి ఆ సాయంత్రమే కబురు పెట్టాను.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో ఎవరూ పనిముట్టు ముట్టరు. మిస్త్రీ షెడ్డులో పానాలు, సుత్తులు అన్నీ కడిగి బొట్లు పెట్టి దేవుడి ముందు పరిచాడు. మా బండి ఇరుసు విప్పిన పొట్టతో స్టాండ్ల మీద ఉంది, దానిక్కూడా దండ వేశారు. మా ఆయన ఆ పళ్ళచక్రాల జత దగ్గర నిలబడి పెద్దదాని పళ్ళ మీద వేలితో నెమ్మదిగా రాస్తూ ఉన్నారు. పూజ నాడు ముట్టకూడదండీ అని మిస్త్రీ పెళ్ళాం వెనకనుంచి పిలిచింది. ఆయన తిరగలేదు. కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తున్నాడు అని అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

పూజ తరవాత మిస్త్రీ ఇరుసు బిగించాడు. ఒక ఆదివారం పొద్దున్న ఇద్దరం బయల్దేరాం, డిమ్నా వైపు నుంచి పెద్ద రోడ్డెక్కి చాండిల్ దాకా పోయి రావాలని. రాంచీ వెళ్ళేది ఆ రోడ్డు మీదే.

బండి ఎంత హాయిగా ఉందో! ఇంజన్ ఎక్కడో పక్కింట్లో నడుస్తున్నట్టుంది. నేను ఊరుకోకుండా, "సూసారా, ఉయ్యాల్లో ఉన్నట్టుంది. మనవడు లోపల్నించి దండం ఎడతాడు" అన్నాను. పలకలేదు. ఓడిపోయిన మంట ఇంకా చల్లారలేదు అనుకున్నాను. మూడో గేరులోనే చాలా దూరం పోయాం. "మార్సండి" అన్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ పచ్చటి దల్మా కొండలు చూస్తూ అన్నాను. మళ్ళీ అన్నాను. ఆయన మెడ వంచి మీటరు వైపు చూస్తున్నారు. కాసేపు రోడ్డు, వెంటనే మీటరు. మళ్ళీ మీటరు. ఎన్నడూ అలా నడిపే మనిషి కాదు. కుడికాలు తొక్కుతూ వదుల్తూ, నేలమీద ఏదో పోగొట్టుకుని కాలితో వెతుకుతున్నట్టుంది.

అప్పుడే వెనక డంపరు హారన్ మొదలైంది. ఇనుపరాయి మోసే పెద్ద డంపరు, మాకు కుడివైపు నుంచి ముందుకు వస్తోంది. హారన్ కొట్టడం కాదు, చెయ్యి దాని మీద పెట్టి తియ్యడం లేదు. నా పళ్ళు జివ్వుమన్నాయి. మా ఆయన తాపీగా ముందున్న ట్రాక్టరును దాటుదామని బండిని కుడికి తిప్పడం మొదలుపెట్టారు.

అరిచాను. ఆయన పేరు పెట్టి అరిచాను, పెళ్ళయ్యాక ఎప్పుడూ అలా పిలవలేదు. చెయ్యంత దూరంలో ఉన్న మనిషి రెప్ప వెయ్యలేదు.

ఎలా తోచిందో తెలీదు. పిడికిలి బిగించి ఆయన కళ్ళముందు పెట్టాను. బండి వెంటనే ఆగింది. ఎందుకని అడగలేదు, పక్కకు చూడలేదు, ముందు ఆపారు. డంపరు మా అద్దాన్ని రాసుకుంటూ దుమ్ము లేపి పోయింది. అది పోయాకే ఆయన దాన్ని చూశారు.

బండిని పక్కకు తీశారు. ఒక మాట మాత్రం తేల్చుకోకుండా ఉండలేకపోయాను. మొహం కిటికీ వైపు తిప్పుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, మామూలు గొంతుతో అడిగాను.

"సాయంత్రానికి ఏటి వండమంటారు?"

ఇంకాస్త గట్టిగా అడిగాను. తిరిగి చూస్తే ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని నా మెడ వైపే చూస్తున్నారు, నేనేదో అన్నానని తెలుసు, ఏమన్నానో తెలీదు. నేను తిరగ్గానే ఆ కళ్ళు గబగబా నా పెదాల మీదకూ చేతుల మీదకూ వచ్చాయి. ఇంట్లో రోజూ అలాగే చూసేవారు. ఎంత ఇష్టమో అనుకుని మురిసిపోయేదాన్ని.

"ఎప్పణ్ణించండీ?" అని అడిగాను, ఎదురుగా, చెయ్యి తిప్పుతూ.

"తెలీదే" అన్నారు. "మిల్లులో ఉన్నప్పుడు ఎవులికీ ఏటీ ఇనపడదు కదా. నాకూ అంతే అనుకున్నాను. బయటికొచ్చాక ఇనపడతాదని సూసాను. రోజూ సూసాను."

నేను ఏడుస్తుంటే ఆయన డాష్‌బోర్డు మీద దుమ్ము తుడుస్తూ నెమ్మదిగా చెప్పారు. "నాలుగున్నరైతే ఇంజన్ నాకు సీటులోకి తెలుత్తాదే. పాదానికి తెలుత్తాది. ఎంత తిరుగుతందో, ఎప్పుడు గేరు మార్సాలో ఒంటికే తెలుత్తాది. అప్పుడు మీటరు సూడక్కర్నేదు, కళ్ళు అద్దాల మీదే ఎట్టుకుంటాను. ఇందులో ఏటీ తెలత్తాలేదు. బండి నడుత్తందో ఆగిందో కూడా తెలత్తాలేదు."

బండి చేతిలో ఉండడం అంటే అది. వర్షాకాలమంతా నేను వెక్కిరించింది దాన్ని. నా లెక్క ఒప్పే, ఎక్కడా తప్పు లేదు. ఆ లెక్కలో ఆయన ఒళ్ళు లేదు, అంతే.

తిరిగి రావాలి, నాకు నడపడం రాదు. నేను ముందు సీట్లో కొంచెం పక్కకు తిరిగి కూర్చుని సిగ్నల్ మనిషినయ్యాను. వెనక హారన్ వినిపిస్తే అరచెయ్యి నొక్కాను. గేరుకు వేలు తిప్పాను. ఆయన ఎంత బాగా నడిపారంటే, ఒక్క కుదుపు లేదు. ఇన్నేళ్ళూ సైగ చేసిన మనిషి ఇప్పుడు సైగ అందుకుంటున్నారు. సాక్చి రద్దీలోంచి, ఆటోల మధ్య నుంచి, ఇంటి ముందుకు తెచ్చి ఆపారు. దిగాక నవ్వారు కూడా.

"సూసావా? నాలుగున్నర ఏయించేత్తాను, నువ్వు పక్కనుండి సెయ్యి సూపించు సాలు. పిల్లని తెచ్చేసుకుందాం. తెచ్చాక డాక్టరు దగ్గరికి నువ్వెప్పుడంటే అప్పుడొత్తాను. దానికి మాత్రం సెప్పకు" అన్నారు.

నేను తలుపు తాళం తీసే పనిలో పడ్డాను. నిజం చెప్పొద్దూ, అలా చేసేయొచ్చనే అనిపించింది. వస్తున్నప్పుడు ఒక్క పొరపాటు జరగలేదు కదా. ఆ మనిషి ఆ బండి కోసం ఎంత పాటుపడ్డారో చూసినదాన్ని. కూతురు వెనక సీట్లో దిండు పెట్టుకుని కూర్చుంటే అద్దంలో చూసుకుంటూ రావాలని, ఆ దిండు కూడా కొని బీరువాలో పెట్టారు. కానీ వెనక్కి తిరిగి పిల్లకి నీళ్ళందించే ఒక్క క్షణం నా చెయ్యి కనపడకపోతే? నాకు కునుకు పడితే? ఆలోచిస్తుంటే ఆ డంపరు హారన్ మళ్ళీ మళ్ళీ మోగింది చెవుల్లో. నాకొక్కదానికే.

ఆ సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. నేను వంటింట్లో ఉన్నాను. ఆయన గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నారు.

"మమ్మీ, పాపా నే కాన్ దిఖాయా క్యా?" అని అడిగింది. చెవులు చూపించుకున్నారా అని.

నా మొహం చూసే ఆయనకు ప్రశ్న తెలిసిపోయింది. పిడికిలి బిగించి పైకెత్తారు. ఆపు. ఎవరు చెప్పినా ఆపాల్సిన సైగ. పొద్దున్న నేను చూపిస్తే ఆయన ఎందుకని అడగలేదు, ఆపారు. నేనూ ఆగాను. అవతల పిల్ల "హలో? హలో మమ్మీ?" అంటోంది.

నేను పొయ్యి వైపు తిరిగాను. నా వీపు ఆయనకు పెట్టి, రెండో చెయ్యి కదలకుండా గట్టు మీద ఆనించి, అంతా చెప్పాను. డంపరు సంగతి చెప్పాను, హారన్ సంగతి, నేను పేరు పెట్టి అరిచిన సంగతి. సగంలో ఉండగా తెలిసింది, నేను గొంతు తగ్గించడం లేదని. ఆయన గురించి, ఆయన ఉన్నచోటే, బళ్ళో పాఠం చెప్పినంత గట్టిగా చెప్తున్నాను. ఆయన వింటారన్న భయం నాకు లేదు.

"నువ్వు రైల్లోనే రావాలమ్మా. నేనొచ్చి తీసుకొత్తాను. మీ నాన్న బండి ఎక్కకు" అన్నాను.

అప్పుడది, చిన్నప్పటి తరవాత నేనెన్నడూ విననట్టుగా, తెలుగులో అడిగింది. "అమ్మా, నాన్న ఎక్కడున్నారు?"

"ఇక్కడే. నా ఎనకాలే ఉన్నారు."

ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుని తిరిగాను. ఆయన పిడికిలి ఇంకా అలాగే పైకి పట్టుకుని ఉన్నారు, పైన క్రేన్‌లో మనిషి చూస్తూనే ఉన్నాడన్న నమ్మకంతో. నేను తిరగడం చూసి అప్పుడు దించారు.

"దానికి సెప్పకుండా మంచి పని సేసావు" అన్నారు. "ఇందాక ఎళ్ళి మిస్త్రీకి సెప్పేను, రేపే నాలుగున్నర ఏసేత్తాడట. అమ్మాయి ఏటంది?"

ఆ కళ్ళు నా చేతుల కోసం వెతుకుతున్నాయి. నేను చేతుల్ని కొంగులో దాచుకున్నాను.